కర్త లేని వాక్యాలు

టీవీలో డిటెక్టివ్ సీరియల్ వస్తుంటే ఇన్‌స్పెక్టరమ్మ పక్కన కూర్చోవడానికి ఎవరూ సాహసించేవారు కాదు, ఒక్క చెల్లెలు తప్ప. శవం దొరికి దాని మీద గుడ్డయినా కప్పకముందే, "వంటమనిషి కాదు, వకీలు కాదు, ఆ నవ్వుతూ టీ అందిస్తున్న పెద్దాయన్ని చూడు. ఆయన చెయ్యి చూడు, ఎంత శుభ్రంగా ఉందో" అని తేల్చేసేది. చివరికి ఆ పెద్దాయనకే బేడీలు పడేవి. వీధిలో వాళ్ళు ఆమెచేత సీరియల్ కథ చెప్పించుకోవడం మానేసి, దండం పెట్టి తప్పుకునేవాళ్ళు.

పేరుకి ఇన్‌స్పెక్టరమ్మే గానీ పోలీస్ స్టేషన్ గడప ఏనాడూ తొక్కలేదు. ఆమె పని రెడీమేడ్ బట్టలు సరిచేయడం. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, జారిన అంచులు మళ్ళీ కుట్టడం. ముందుగదిలో కిటికీ పక్కన కాలిమిషను, ఎదురుగా గోడకి టీవీ. కాలు మిషను మీద, కళ్ళు హంతకుడి మీద. ఆ పేరు పెట్టింది చెల్లెలు. సరదాకి పెడితే వీధంతా అంటుకుంది.

ఈ సీరియళ్ళ విషయంలో ఆమెకి కొన్ని గట్టి అభిప్రాయాలుండేవి. డిటెక్టివ్‌కి కలలో ఆధారం కనిపించిందంటే ఆ సీరియల్‌కి అక్కడితో మంగళం పాడేయాలి. పేరున్న నటుడు ఊరికే గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుకుంటున్నాడంటే వాడి మీద ఓ కన్నేసి ఉంచాలి, గొడుగు దులపడానికి ఎవడూ అంత డబ్బు పోసి పిలవడు. కవల సోదరుడు చేశాడని చెప్పినవాడికి అన్నం పుట్టకూడదు. అన్నిటికంటే ఘోరం, చివరి భాగం దాకా మొహమే చూపించనివాణ్ణి ఎక్కణ్ణుంచో లాక్కొచ్చి "వీడే" అనడం. అది ప్రేక్షకుడికి వెన్నుపోటు.

"దాచండి. ఎంతైనా దాచుకోండి. అబద్ధం మాత్రం ఆడకండి. దాచడం ఆట. అబద్ధం మోసం" అనేది భర్తతో.

భర్తతో ఎందుకంటే, ఆయన మాటల రచయిత. పరాయి భాషల్లో తీసిన సీరియళ్ళకి తెలుగు మాటలు రాయడం ఆయన ఉద్యోగం. పెదవుల కదలికకి సరిపోయేలా, అర్థం చెడకుండా, నవ్వురాకుండా రాయాలి. వెనకగదిలో బల్ల ముందు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కో మాటనీ నోట్లో వేసుకుని నమిలి చూసుకుంటూ రాసేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ భార్యాభర్తల మధ్య గట్టిగా జరిగిన యుద్ధం ఒక్కటే. ఆయన దాచింది ఆమె పట్టేసేది.

ఎలాగంటారా? పరాయి భాషలో హంతకుడన్న మాటకి ఆడా మగా తేడా లేదట. తెలుగులోకి వచ్చేసరికి వాడా, ఆవిడా, తేల్చుకోక తప్పదు. ఆయనకి చివరి భాగం ముందే తెలుసు కాబట్టి "వాడు" అని రాయడానికి మనసొప్పక "ఆ మనిషి" అని రాసేవాడు. అంతే, ఇన్‌స్పెక్టరమ్మ కత్తెర కింద పెట్టి "ఆడది" అనేది. ఆ తర్వాత ఆయన జాగ్రత్తపడ్డాడు. అసలు చేసిన మనిషినే వాక్యంలోంచి తీసేయడం మొదలుపెట్టాడు. "తలుపు తియ్యడం జరిగింది. కిందికి దిగడం జరిగింది. దీపం ఆర్పడం జరిగింది." ఎవరు తీశారు, ఎవరు దిగారు, ఎవరు ఆర్పారు? ఏమో! చిన్నప్పుడు వ్యాకరణం పంతులు ఆ వాక్యాలు చూస్తే, కర్త ఏడిరా అని చెవి మెలిపెట్టేవాడు.

"మీ 'జరిగింది' వచ్చిందంటే పక్కన శవం ఉన్నట్టే" అని ఆమె పడీపడీ నవ్వేది.

చెల్లెలు ఆ మాటలకి గొంతిచ్చేది. డబ్బింగ్ కళాకారిణి. ఆదివారం సాయంత్రాలు వచ్చే పెద్ద సీరియల్లో, డిటెక్టివ్ ఇంట్లో పనులు చూసుకునే ఆవిడ గొంతు చెల్లెలిదే. తెరమీద ఎముకల పోగులాంటి తెల్లావిడ, గొంతు మాత్రం తాను చిన్నప్పుడు జడలు వేసిన పిల్లది. అది విన్నప్పుడల్లా ఇన్‌స్పెక్టరమ్మకి గర్వంతో పాటు కాస్త నవ్వు కూడా వచ్చేది. చెల్లెలు పెళ్ళి చేసుకోలేదు. రెండు వీధుల అవతల ఒంటిగది అద్దెకి తీసుకుని ఉండేది. ఆదివారం వచ్చి అక్క పక్కన నేలమీద కూర్చుని, గొంతు కోసం అతిమధురం వేరు నములుతూ, తాను ముందే గొంతిచ్చేసిన కథని తానే బుద్ధిగా చూసేది. హంతకుడెవరో దానికి తెలుసు, చెప్పకూడదు. పెదవులు బిగించుకుని, బుగ్గలు ఎర్రబడి, నవ్వు ఆపుకుంటూ ఉండేది.

"దీని నోట్లో నువ్వుగింజ నానదు. పాపం, ఎంత కష్టపడుతోందో" అనుకునేది అక్క.

బావంటే ఆ పిల్లకి భయభక్తులు. "బావగారు రాశారు, బావగారు మార్చారు, బావగారికి టీ ఇచ్చావా అక్కా." గారు లేకుండా ఒక్కసారైనా పిలిచింది లేదు.

వానలు మొదలైన కొత్తల్లో చెల్లెలు పోయింది. స్టూడియో ఉన్నది పై అంతస్తులో. వెనకవైపు ఇనపమెట్లు, అందరూ అటే దిగుతారు. ఆ సాయంత్రం పెద్ద వాన. మర్నాడు పొద్దున ఊడ్చడానికి వచ్చినవాళ్ళు చూశారు. పోలీసులు వచ్చారు, మెట్లు చూశారు, చెప్పులు చూశారు, జారిపడిందని రాసుకుని వెళ్ళిపోయారు.

భర్త ఆమె భుజం పట్టుకుని మెల్లగా చెప్పాడు. "స్టూడియో నుంచి అప్పటికే బయల్దేరడం జరిగింది. వాన ఎక్కువైంది. మెట్లన్నీ తడిసిపోయి ఉన్నాయి. కాలు జారడం జరిగి ఉంటుంది."

ఆమె ఏడుస్తూ తల ఊపింది.

ఆ పెద్ద సీరియల్ మాత్రం ఆగలేదు. చెల్లెలు ముందే చాలా భాగాలకి గొంతిచ్చేసి ఉంది. మనిషి మట్టిలో, గొంతు టీవీలో. ప్రతి ఆదివారం ఆ ఎముకల పోగు తెల్లావిడ తలుపు తీసుకుని వచ్చి "టీ పెట్టమంటారా?" అనగానే ఇన్‌స్పెక్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. హంతకుణ్ణి పట్టుకోవడం మానేసింది. ఎవడు చస్తే ఏం, ఎవడు చంపితే ఏం. ఆ ఒక్క మాట కోసం కూర్చునేది.

ఇవాళ చివరి భాగం.

పొద్దున భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇవాళ్టిది చూడకు. గొంతు వేరే అమ్మాయిది. తట్టుకోలేవు" అన్నాడు.

"సరేనండి" అంది.

అంది గానీ, సాయంత్రమయ్యేసరికి మనసు ఊరుకోలేదు. కొత్త అమ్మాయి ఎలా చెబుతుందో, మా దానిలా చెప్పగలదా అని ఒక పంతం. ఇస్త్రీ చేసిన బట్టలు మడతపెట్టి, ఎవరిదో నల్ల ప్యాంటు అంచు విప్పి మిషను కింద పెట్టి, టీవీ వేసింది.

బయట వాన పట్టి ఉంది. పొద్దు ఇంకా పోలేదు గానీ గదిలో వెలుతురు బూడిదరంగులోకి తిరిగింది. కిటికీ రేకు మీద చినుకులు ఒకే తీరున పడుతున్నాయి. మిషను నూనె వాసన, తడి బట్ట మీద ఇస్త్రీపెట్టె వదిలిన ఆవిరి వాసన. పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు. రోజూ ఉండే గదే. రోజూ ఉండే వాసనలే.

తెరమీద డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. ఈ ఘట్టం మీద కూడా ఆమెకి ఒక అభిప్రాయం ఉంది. హత్య చేసినవాడు కూడా పిలవగానే వచ్చి, పళ్ళ డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు బుద్ధిగా ఎందుకు కూర్చుంటాడో, పారిపోవచ్చు కదా అని. ఆ మాట పక్కనున్న చెల్లెలితో అనబోయి, పక్కన ఖాళీ నేల చూసి ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. తెల్లావిడ ట్రేతో వచ్చింది.

"టీ పెట్టమంటారా?"

ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది. చెల్లెలి గొంతే. అనుమానమే లేదు, మాట చివర కాస్త ముక్కుతో లాగే ఆ దీర్ఘంతో సహా. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాత రికార్డింగేదో దొరికి వాడుకుని ఉంటారు, ఆయనకి చెప్పి ఉండరు అనుకుంది. ఎంత మంచివాళ్ళు. ఇంకొక్క ఆదివారం ఇచ్చారు.

సంతోషంగా మిషను తొక్కడం మొదలుపెట్టింది.

డిటెక్టివ్ ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. ఆ రాత్రి ఎక్కడున్నారు, ఎవరిని చూశారు. తెల్లావిడ వంతు వచ్చింది. ఆవిడ ఏమీ తెలియనట్టు తల అడ్డంగా ఊపింది. పెదవులు కదల్లేదు.

"కాలు జారలేదు" అంది గొంతు.

సరిగ్గా వినలేదేమో అనుకుంది ఇన్‌స్పెక్టరమ్మ. ఈ కథలో చచ్చినవాడు విషం తాగి చచ్చాడు. కాలు సంగతి ఎక్కడిది? డబ్బింగులో ఒకచోటి మాట ఇంకోచోట పడటం మామూలే. భర్త ఎన్నోసార్లు తిట్టుకునేవాడు.

డిటెక్టివ్ కిటికీ దగ్గరికి నడిచాడు. అందరూ అటు తిరిగారు. తెల్లావిడ ఒక్కతే కెమెరాకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. పలచని జుట్టు ముడి, బిగుతుగా ఉన్న భుజాలు. కదలడం లేదు. మిగతావాళ్ళ మాటలు ఎవరో తలుపు మూసినట్టు దూరమైపోయాయి.

"మిషను ఆపక్కా... వినబడటం లేదు."

కాలు ఆగిపోయింది.

చక్రం ఇంకో చుట్టు తిరిగి నిలిచింది. గదిలో వాన చప్పుడొక్కటే. ఆమె తెరవైపు చూడకుండా గోడ పక్కకి జరిగింది. ఒక్కో అడుగే. చెయ్యి చాచి ప్లగ్గు లాగేసింది. తెర నల్లబడింది.

అప్పుడు వాసన వచ్చింది. ముందు లీలగా... తర్వాత పక్కనే. నమిలిన అతిమధురం వాసన. దానికింద ఇంకొకటి. తడిసిన ఇనుము వాసన.

వెనకగదిలో ఏదో గుసగుస. చీమలు కాగితం మీద పాకుతున్నంత చిన్న చప్పుడు. ఇన్‌స్పెక్టరమ్మకి అరవాలనిపించింది. పరుగెత్తాలనిపించింది. సీరియళ్ళలో ఆడవాళ్ళు ఇలాంటప్పుడు చప్పుడు వచ్చినవైపే వెళతారని ఎన్నిసార్లు తిట్టుకుందో! "బుద్ధి లేదా దీనికి, బయటికి పోవచ్చుగా" అని. ఇప్పుడు తెలిసింది ఎందుకు వెళతారో. అక్కడున్నది తనవాళ్ళైతే వెళ్ళకుండా ఎలా ఉంటారు?

వెనకగది తలుపు తోసింది. బల్ల, కుర్చీ, చల్లబడిపోయి నల్లగా ఉన్న కంప్యూటర్. దీపం వెయ్యలేదు, ఏదీ వెలగడం లేదు. కొక్కేనికి వేలాడుతున్న హెడ్‌ఫోన్లలోంచి వస్తోంది ఆ చప్పుడు. వాటి తీగ కొస కిందికి వేలాడుతోంది. ఎక్కడా గుచ్చి లేదు.

వాటిని తీసి చెవులకి పెట్టుకుంది.

ముందు ఊపిరి. మాట మొదలుపెట్టే ముందు గొంతిచ్చేవాళ్ళు లోపలికి పీల్చే ఊపిరి. అది పీల్చడమే ఉంది. వదలడం లేదు. పీలుస్తూ... పీలుస్తూ...

"నువ్వేనా?" అంది అక్క గుసగుసగా.

"ఊఁ."

"నీకేమైందే?"

"చలేస్తోందక్కా."

కన్నీళ్ళు జారిపోయాయి. భయం ఎక్కడికో పోయింది. "ఎవరే? నీతో ఎవరున్నారక్కడ?"

చాలాసేపు వాన చప్పుడు. అది బయటిది కాదు. ఇనపమెట్ల మీద పడుతున్న వాన, గణగణమని.

"నీకు చెప్పేస్తానన్నానక్కా... ఆదివారం వచ్చి, నీ కాళ్ళు పట్టుకుని, అంతా చెప్పేస్తానన్నాను... తను వద్దన్నాడు."

తను.

ఇన్‌స్పెక్టరమ్మ అలాగే నిలబడిపోయింది. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆడది ఒక మగవాణ్ణి 'తను' అని ఎప్పుడంటుందో ఆమెకి తెలుసు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు తానూ అలాగే అనేది, ఆయన పేరు నోటికి రాక, 'ఆయన' అనడానికి సిగ్గేసి. తను వస్తానన్నాడు, తనకి కారం పడదు. అది పరాయివాళ్ళ గురించి ఆ గొంతుతో అనే మాట కాదు. బావగారి గురించి అనే మాట అంతకన్నా కాదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. "తనంటే ఎవరే?" అని అడిగింది, తెలిసీ.

ఊపిరి ఒక్కటే.

"ఎన్నాళ్ళ నుంచే? నా పక్కన కూర్చుని... నేను పెట్టింది తిని... ఎన్నాళ్ళ నుంచి?"

"నోరు బిగించుకునే ఉన్నాను కదక్కా" అంది గొంతు, ఏడుపు కలిసి. "నువ్వే కదా నవ్వుతున్నాననుకున్నావు."

ఆ మాట ఆమెని నిలువునా కోసింది. హెడ్‌ఫోన్లు లాగి నేలకేసి కొట్టింది. ఛీ అంది. చెల్లెల్ని అందో, మొగుణ్ణి అందో, టీవీలో హంతకులందరినీ పట్టుకుని ఇంట్లో ఉన్నవాణ్ణి పట్టలేకపోయిన తనని తాను అందో. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇద్దరు దొంగలైతే ఇక చెప్పేదేముంది. ఒకడు మాటలు రాశాడు, ఒకతె వాటిని పలికింది. చూడటానికి మిగిలింది తనొక్కతే. ఇంత గొప్ప ప్రేక్షకురాలు ఇంకెవరికి దొరుకుతుంది?

ముందుగదిలో తాళం తిరిగింది.

భర్త వచ్చాడు. గొడుగు గుమ్మంలో దులిపి, గోడకి ఆనించి, లోపల గడియ పెట్టాడు. "చీకట్లో ఏం చేస్తున్నావ్? లైటు వెయ్యలేదేం?"

ఆమె వెనకగది గుమ్మంలో నిలబడింది. "ఆ రోజు మీరు ఎక్కడున్నారు?"

"ఏ రోజు?"

"ఏ రోజో మీకు తెలుసు."

ఆయన చెప్పులు విప్పుతూ ఆగాడు. "చూడొద్దన్నాను కదా. చూశావా? అందుకే చెప్పాను..." తర్వాత ఎంతో ఓపిగ్గా, "స్టూడియో నుంచి అప్పటికే బయల్దేరడం జరిగింది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎవరు బయల్దేరారు?"

ఆయన రెండో చెప్పు విప్పి గోడవారకి నెట్టాడు.

"బయల్దేరడం జరిగింది. ఎవరు? కాలు జారడం జరిగింది. ఎవరిది?" ఆమె గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నాను. నా చెవులకేం రోగమొచ్చిందో. కర్త పెట్టి చెప్పు."

చెప్పు అంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ నోటివెంట చెప్పండి తప్ప రాలేదు. ఆయన తలెత్తి చూశాడు.

"నీకెవరు చెప్పారు?"

తప్పు చెయ్యనివాడైతే "ఏం చెప్పారు?" అని అడుగుతాడు. "ఎవరు?" అని అడగడు. ఈ సూత్రం ఆమెదే. ఎన్ని సీరియళ్ళలో ఎంతమందిని పట్టుకుందో ఆ ఒక్క ప్రశ్నతో.

"మా చెల్లి చెప్పింది" అంది.

ఆయన నవ్వబోయాడు. అప్పుడే వాసన ఆయన్నీ తాకింది. ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు ఆమెని దాటి వెనకగదిలోకి, నేలమీద పడి ఉన్న హెడ్‌ఫోన్ల మీదికి వెళ్ళాయి. వాటిలోంచి ఊపిరి వినబడుతోంది. ఇద్దరికీ.

"నేను నీకు అబద్ధం ఆడలేదు" అన్నాడు, గోడకి ఆనుకుని నేలమీద కూలబడుతూ. "ఒక్కటి కూడా ఆడలేదు. కావాలంటే గుర్తు తెచ్చుకో. దాచడం ఆట అన్నది నువ్వే."

తన మాటే తిరిగొచ్చి తన మొహాన పడింది. ఇంత మోసం చేసినవాడు కనీసం ఒక అబద్ధమాడి ఉన్నా బాగుండేది, తిట్టడానికైనా దొరికేది.

"చెప్పు" అంది మళ్ళీ.

"నేను... మెట్ల మీద ఉన్నాను." ఒక్కో మాటా పన్ను పీకినట్టు వస్తోంది. "తను నీకు చెప్పేస్తానంది. నేను వద్దన్నాను. కిందికి దిగబోయాను. తను నా చొక్కా చెయ్యి పట్టుకుంది. నేను విదిలించుకున్నాను."

చొక్కా. ఆ సాయంత్రం తడిసొచ్చి "చొక్కా చిరిగింది" అని మిషను మీద పడేశాడు. ఎవరు చింపారని ఆమె అడగలేదు. చెల్లెలు ఇంకా మెట్ల కింద వానలో పడి ఉండగానే, ఆ భుజం కుట్టు విప్పి, లోపల్నుంచి పట్టీ వేసి, పైకి తెలియకుండా కుట్టి ఇచ్చింది. మంచి పనితనం. ఆయన మెచ్చుకున్నాడు కూడా.

"తర్వాత?"

"నేను కిందికి దిగాను. తను... కళ్ళు తెరిచే ఉంది."

"ప్రాణం ఉందా?"

"ఉంది."

"నువ్వేం చేశావు?"

"దాటి వచ్చేశాను."

వాన ఆగింది. ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు.

"పిలిచిందా?" అంది. అడక్కూడదని తెలుసు.

"పిలిచింది." ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నన్ను కాదు. నిన్ను."

ఇన్‌స్పెక్టరమ్మ కడుపులోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు కాదు, దానికి పేరు లేదు. మోసం చేసింది. నిలువునా మోసం చేసింది. చివరికి పిలవడానికి మాత్రం అక్కే కావాల్సివచ్చింది. ఆ అక్కేమో ఇక్కడ కూర్చుని చొక్కా కుట్టింది.

ఫోను కోసం బల్లవైపు తిరిగింది. పోలీసులకి చెబుతుంది, ప్రతి వాక్యానికీ కర్త పెట్టి చెబుతుంది. చెయ్యి చాచింది.

హెడ్‌ఫోన్లలో ఊపిరి ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చిన గొంతు వాటిలోంచి రాలేదు. వీధి గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. ఆయన లోపల గడియ పెట్టిన తలుపు. అది తెరిచి ఉంది. బయట మెట్ల మీద చీకటి.

"ఇక మనం వెళ్దామా?"

మెత్తగా, ఎప్పటిలాగే మాట చివర కాస్త లాగి.

ఆమె ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మనం. వినే మనిషిని కలుపుకుంటే తప్ప ఎవరూ మనం అనరు. వింటున్నది ఇద్దరు.

"ఎవరినే?" అంది. "ఎవర్నే పిలుస్తున్నావ్?"

ఆయన లేచాడు. లేవాలని లేచినట్టు లేదు. కళ్ళు పెద్దవి చేసుకుని, వద్దు వద్దంటూ తల ఊపుతూనే, అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మంవైపు నడుస్తున్నాడు. నోరు తెరుస్తున్నాడు గానీ మాట రావడం లేదు. ఆమె చూసింది. పోనీ, అనుకుంది. తీసుకుపోనీ. మనసులో ఎక్కడో ఒక మూల చల్లబడింది.

చల్లబడింది మనసు కాదు, పాదాలు. తడి తగిలింది వాటికి.

కిందికి చూసింది. బయట మెట్టు మీద, వాననీళ్ళలో, తన పాదాలే ఉన్నాయి, ఎప్పుడు నడిచొచ్చాయో తెలియదు. ఆయన ఇంకా గుమ్మం లోపలే, ఆమె వెనకే ఉన్నాడు.